నీలం అంకెల వెంట

“ఇక్కడే మీరు మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నారు. గుర్తుందా?”

డ్రాయింగు మాస్టారు గోడకేసి చూశాడు. నీలం రంగుతో మూడో నంబరు వేసి ఉంది. గోడంతా పెద్ద బొమ్మ. పాత రేవు, తెరచాప ఎత్తిన ఓడ, ఒడ్డున చెయ్యూపుతున్న ఆడమనిషి.

“ఈ బొమ్మ వేసినవాడెవడో ఓడ నీడ తప్పు వేశాడు. ఎండ అటునుంచి వస్తుంటే నీడ కూడా అటే పడుతుందా ఎక్కడైనా?” అన్నాడు.

“అవన్నీ భేషుగ్గా గుర్తున్నాయి. నేనే గుర్తులేను.”

ఆవిడ నవ్వుతూనే అంది గానీ మాస్టారికి తల కొట్టేసినట్టయింది. వానాకాలం మొదట్లో బడి గోడకి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. చేతిలో విద్య మిగిలింది, మనుషులు తుడిచిపెట్టుకుపోయారు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఉన్నది ఈవిడ ముఖమే. అన్నం కలిపి నోట్లో పెట్టింది, గడ్డం గీసింది, ఉలిక్కిపడి లేచినప్పుడల్లా వీపు నిమిరింది. కట్టుకున్నది కాకపోతే ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? ఒకరోజు తనే ఉండబట్టలేక, “నువ్వు నా భార్యవా?” అని అడిగాడు. ఆవిడ తల వంచుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక, ఎలాగైనా ఈ మనిషిని గుర్తు తెచ్చుకోవాలని పంతం పట్టాడు పాపం.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ వచ్చిన ఊరేనట ఇది, మళ్ళీ చూస్తే ఏమైనా తడుతుందేమోనని ఆవిడే తీసుకొచ్చింది. ఇక్కడ గైడులుండరు. నీలం అంకెలు చూసుకుంటూ ఎవరికి వాళ్ళు నడవడమే. అంకె దగ్గర ఆగితే ఫోనులో ఒక గొంతు ఆ చోటి సంగతులు చెబుతుంది.

“ఆ వైరు నాకూ ఒక చెవిలో పెట్టు, వింటాను.”

“తలనొప్పి తెచ్చుకుంటారు. నేను వింటున్నాగా, చెబుతాను.”

నాలుగో నంబరు తెరచాపలు కుట్టేవాళ్ళ సందు. ఆవిడ చెవిలో వైరు సర్దుకుని కాస్త ఆగింది. “ఈ అరుగుల మీదే ఆడవాళ్ళు పాడుకుంటూ కుట్టేవాళ్ళని మీరే చెప్పారు నాకు. పాట ఆగితే కుట్టు వంకరపోయేదట.”

“నేనా? నేను చెప్పానా?”

“మరి నాకేం తెలుసండీ ఈ ఓడలూ చాపలూ? అన్నీ మీ దగ్గర నేర్చుకున్నవేగా.”

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఇంత తెలిసిన మనిషన్నమాట తను!

ఐదో నంబరు కోసం రెండుసార్లు దారి తప్పారు. “సందులన్నీ మార్చేశారు, మాయదారి ఊరు,” అని విసుక్కుంది ఆవిడ. చివరికి దొరికింది. చెక్కబొమ్మలు చేసే పాత కొట్టు. లోపల ఎవరో బొమ్మలకి పూస్తున్న వార్నీషు వాసన గుప్పున కొట్టింది.

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“గొడుగు,” అన్నాడు. “పసుపు గొడుగు. నా జేబులో పెన్సిలు ఎడంచేత్తో లాక్కుని పరిగెత్తింది. ముక్కు మీద బొగ్గు మరక. నవ్వితే పన్ను మీద పన్ను…” గబగబా ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ పలువరస ముత్యాల్లా తీరుగా ఉంది. అతని మొహంలో వెలుగు చప్పున ఆరిపోయింది.

ఆవిడ అక్కడే కొట్టు బయటి బల్ల మీద కూలబడింది. “నేననుకుంటూనే ఉన్నాను. మీ మనసులో ఇంకో ఆడది ఉందని నాకు ముందే తెలుసు.”

“ఎవరామె?”

“నన్నడుగుతారా? అన్నీ మరిచిపోయారు, నన్ను కూడా. దాన్ని మాత్రం మరిచిపోలేకపోయారు!”

ఇంత సేవ చేసిన ఇల్లాలిని పెట్టుకుని తను ఇలాంటివాడా? మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు. వీధిలో ఎవరైనా చూస్తారేమో అని కూడా లేకుండా ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“తప్పయింది. ఇక తలుచుకోను, ఒట్టు.”

“మళ్ళీ కళ్ళముందుకొస్తే?”

“కళ్ళు తెరిచి నిన్ను చూస్తాను.”

“డాక్టరు దగ్గర కూడా దాని మాట ఎత్తకండి. పరాయి మనుషుల ముందు నా పరువు పోతుంది.”

“చచ్చినా ఎత్తను.”

ఇద్దరూ ఆరో నంబరుకేసి నడిచారు. మాస్టారు నడుస్తూనే పని మొదలుపెట్టాడు. బొమ్మల మాస్టారు కదా, చెరపడం బాగా తెలుసు. ముందు గొడుగు చెరిపాడు. తరువాత ముక్కు మీది మరక. నవ్వు మాత్రం ఒక పట్టాన పోలేదు. పళ్ళు బిగించి, కళ్ళనీళ్ళు కారుతున్నా ఆగకుండా దాన్నీ చెరిపేశాడు. ఇక లోపల ఎవరూ లేరు. హాయిగా ఉంటుందనుకున్నాడు గానీ, ఎందుకో ఎవరో పోయినంత దిగులేసింది.

చివరి నంబరు రేవు మెట్ల మీద. కెరటాలు కింది మెట్టుని తడిపి పోతున్నాయి. ఆవిడ చెవిలో వైరు తీసి సంచిలో వేసింది.

“ఇక్కడ…” అని మొదలుపెట్టబోయింది.

“ఇక్కడ కూర్చున్నాం,” అన్నాడు మాస్టారు. “నువ్వు నా భుజం మీద తల పెట్టుకున్నావు.”

“గుర్తొచ్చిందా?” ఆవిడ గబుక్కున అతని వైపు తిరిగింది.

నిజంగా గుర్తొచ్చిందో, రావాలి కాబట్టి వచ్చిందో అతనికే తెలీదు. “వచ్చింది. నువ్వు నా భార్యవి. ఎవరడిగినా చెబుతాను.”

ఆవిడ ఏడుస్తూ అతని భుజం మీద తల వాల్చింది. మాస్టారికి కొండంత బరువు దిగినట్టయింది.

అంతలో ఫోను మోగింది. “ఆస్పత్రి వాళ్ళా?” అన్నాడు. “ఆఁ, ఆస్పత్రి సంగతే. కూర్చోండి, ఇప్పుడే వస్తాను,” అని కళ్ళు తుడుచుకుని, అతనికి వినపడనంత దూరం నాలుగు మెట్లెక్కి వెళ్ళింది.

“మీ ఆయనకి మీరింకా గుర్తు రాలేదమ్మా, అప్పుడే రాకండి,” అని పై మెట్టు మీంచి మాస్టారినే చూస్తూ ఫోనులో అంది నర్సు.