సన్న శబ్దాల స్పీకరు

“ఆ సన్న శబ్దాల స్పీకరు ఇంకా మోగట్లేదయ్యా,” అన్నాడు భర్త, కారు స్టీరింగు ముందు కూర్చుని.

మెకానిక్కు గొణుక్కుంటూ, సన్న శబ్దాల్నీ బొంగురు శబ్దాల్నీ విడదీసి పంపే క్రాసోవరు మార్చాడు, తీగలు విప్పి మళ్లీ బిగించాడు. వెనకసీట్లో భార్యకి ఒళ్లు మండుతోంది. పొద్దున కుక్కరు మాడినప్పట్నుంచీ ఆయనతో మాటల్లేవు. వంటింటి గుమ్మంలోనే పేపరు చదువుతూ, కూతలు విని కూడా కదల్లేదు మనిషి.

మెకానిక్కు తలుపులోని పెద్ద స్పీకరు తీగ పీకేసి, అద్దం పక్కనున్న చిన్నదాన్నొక్కదాన్నే మోగించాడు. శబ్దం సూదిలా గుచ్చుకుంది. ఆమె చెవులు మూసుకుంది.

“ఇప్పుడు వినబడుతోందా సార్?”

“ఇప్పుడసలు పాటే ఆగిపోయింది కదయ్యా.”

మెకానిక్కు వెనక్కి తిరిగి ఆమెకేసి చూశాడు.

ఆమె ముందుకి వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “ఏమండీ, పొద్దున కుక్కరు ఎన్ని కూతలేసింది?”

“అది మాత్రం ఎక్కడ కూసింది? దాన్నీ బాగు చేయించాలి.”