పాత గ్యాసు పట్టే మనిషి

"ఇంకా ఎంతసేపండీ?"

పాప ఒళ్లంతా చెమటకాయలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. తల్లి చేతికందిన అట్టముక్కతో విసురుతూనే ఉంది.

ముసలి మెకానిక్ ఏసీ గొట్టానికి ఖాళీ సిలిండర్ తగిలించి, పక్కనే చతికిలబడ్డాడు. సిలిండర్ మెడకు చంటిపిల్ల గౌనొకటి చుట్టి ఉంది.

"కంప్రెసర్ మార్చాలంటే ముందు పాత గ్యాసంతా ఇందులోకి రావాలమ్మా. గంట పడుతుంది."

"గంటా! గాల్లోకి వదిలేయొచ్చుగా? కిందింటి వాళ్లకి అలాగే చేశారు."

"ఆకాశమేమన్నా చెత్తకుండీనా తల్లీ? ఇది పైకి పోయి ఏళ్ల తరబడి వేడిని పట్టి ఉంచుతుంది. ఆ ఎండల్లో బతకాల్సింది మనం కాదు, ఇదిగో, ఈ బుజ్జిదే."

"రేపటి సంగతి రేపు! ముందు ఇవాళ నా బిడ్డకి ఊపిరాడనివ్వండి."

అక్కడే నిలబడి షాపుకి ఫోన్ చేసింది.

"ఏం మనిషిని పంపారండీ? పని తక్కువ, పాఠాలెక్కువ. వేరేవాళ్లని పంపండి."

ఆయన లేచాడు. వాల్వు బిగించి సిలిండర్ భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"తడిగుడ్డతో పాప ఒళ్లు తుడుస్తూ ఉండమ్మా. మెడ, చంకలు మర్చిపోకు."

తర్వాత వచ్చిన మెకానిక్ గొట్టం విప్పాడు. బుస్సుమంది. అంతే. సాయంత్రానికి గది చల్లబడింది.

నెల తిరిగింది. ఎండ ఇంకా ముదిరింది. ఓ మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, పాప ఒళ్లు పెనంలా కాలిపోతుంటే, ఆ తడిగుడ్డ మాటే గుర్తొచ్చి ఆదుకుంది.

మర్నాడు పాపని చంకనేసుకుని షాపుకి వెళ్లింది.

"ఆ పెద్దాయన ఉన్నారా? ఆ రోజు నోరు జారాను."

షాపతను తలెత్తలేదు.

"లేరమ్మా. పోయిన వారమే చనిపోయారు."

ఆమె పాపని కిందికి దించింది.

"నా ఫోను వల్ల పని పోయిందా ఆయనకి?"

"ఇక ఇళ్లకి వెళ్లొద్దని నేనే గట్టిగా చెప్పాను. జీతం తీసుకునే మనిషి కాదులెండి. ఆ సిలిండర్ పక్కనే ఊరికే కూర్చుండిపోయేవారు."

బల్ల కింద సిలిండర్ అలాగే ఉంది. మెడలో గౌనూ ఉంది. పాప అటు వంగి గౌను అంచు పట్టుకుంది.

పాపని వెనక్కి లాగబోయిన తల్లిని అతను వారించాడు.

"ఉండనివ్వండమ్మా, ఆ గౌను నా కూతురిది, వడదెబ్బకి పాప పోయిన రోజు నుంచే, నలభై ఏళ్లు గ్యాసు గాల్లోకి వదిలిన మా నాన్న ఇల్లిల్లూ తిరిగి దాన్ని సిలిండర్లోకి పట్టడం మొదలుపెట్టారు."