చెప్పని ఆపరేషన్

నా కూతురు భరణి బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుని పదిహేను రోజులైంది. విరేచనాలు పట్టుకుంటే పేగులకు క్రిములు చేరినట్టేనని, వెంటనే తీసుకురమ్మని పెద్దాసుపత్రిలో మరీ మరీ చెప్పారు. మా ఊరు కోటబొమ్మాళిలో నవ్వుతారని ఆ ఆపరేషన్ సంగతి నేనే దాచాను.

మొన్న విరేచనాలు పట్టుకున్నాయి. మా వీధి ఆర్‌ఎంపీ తిరుమలరావుని పిలిచాను.

“ఏటి తిన్నాది మావా?”

“పెళ్ళి బోజనం,” అని అబద్ధమాడాను.

విరేచనాలు కట్టడానికి మాత్రలిచ్చాడు.

ఈ రాత్రి దొడ్లో చెంబు చప్పుడు ఆగింది. తగ్గిందనుకుని పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చింది. మూలుగు కూడా లేదు. లైటు వేశాను.

దుప్పటి కింద భరణి పొట్ట ఎత్తుగా కనిపించింది. సాయంత్రం అలా లేదు. చెయ్యి వేస్తే గట్టిగా, కాలిపోతూ ఉంది.

“నాన్నా, ఆపరేషన్ సంగతి ఆయనకి సెప్పినావు కదేటి?”

“సెప్పినానమ్మా.”

“అయితే బయం నేదు,” అని కళ్ళు మూసుకుంది.

తిరుమలరావుకి ఫోన్ చేశాను.

“ఆగినాయా మావా?”

“ఆగినాయి.”

“మరింకేటి, తొంగో.”

“ఒరే, నీకొకటి సెప్పనేదు,” అన్నాను.

మంచం మీద భరణి కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.