చెప్పిన కొలత

"ఎవరండీ ఈ కోడు రాసిన మహానుభావుడు?"

ఆ గొంతుకి గదిలో ఉన్న ప్రోగ్రామర్లందరూ తలలు దించేసుకున్నారు. మేనేజరు ఒక్కడే ముఖం చాటంత చేసుకుని నిలబడ్డాడు. మనిషి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడో లేదో, ఇంకా మంచినీళ్లయినా ముట్టలేదు, అప్పుడే తిట్లు లంకించుకున్నాడు. ఇలాంటివాడు పైనుంచి కాక ఇంకెక్కణ్ణుంచి వస్తాడు? ఇన్నేళ్ల ఉద్యోగంలో మేనేజరు వంటబట్టించుకున్న విద్య అదొక్కటే: పైవాడు తిడతాడు, కిందివాడు నవ్వుతాడు.

"హెడ్డాఫీసు పంపిన నిపుణులు మీరేగా సార్?" అని నవ్వాడు.

"కాకపోతే షికారుకొచ్చాననుకున్నారా?"

"అబ్బెబ్బే! పొద్దుటినుంచీ మీకోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాం. ఇవాళ నిపుణులు వస్తున్నారని మన వెబ్‌సైట్లో కూడా పెద్దక్షరాలతో వేయించాను."

"చూశాను," అన్నాడు నిపుణుడు.

ఆ కంపెనీ అమ్మేది బొమ్మల్ని తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. ఊళ్లోని ఆసుపత్రులన్నీ రోగుల స్కాన్లు దాంతోనే తెరుస్తాయి, ఈ కంపెనీ మెషిన్లలోనే దాస్తాయి. అలాంటిదాంట్లో పోయిన వారం, దొంగలు చొరబడగల ఓ కన్నం బయటపడింది. సాయంత్రంలోగా మూయకపోతే ఆసుపత్రులు వేరే దారి చూసుకుంటాయనీ, వాటి వెనకే మేనేజరు కుర్చీ కూడా పోతుందనీ హెడ్డాఫీసు తేల్చి చెప్పింది. పాపం, ఆయన డైరెక్టర్ కాబోతున్నాడని అత్తగారు అప్పటికే అపార్ట్‌మెంటంతా చాటింపు వేసేసింది. ఇప్పుడు ఉన్నదీ ఊడితే ఆవిడ ముఖం ఎలా చూడాలా అని ఆయనకు రాత్రిళ్లు నిద్ర లేదు.

"ఆ కన్నానికి నేను మొన్ననే నాలుగు లైన్ల మందు రాశాను సార్. ఈయనే పెట్టనివ్వలేదు," అంది ఓ మూలనుంచి సీనియర్ ప్రోగ్రామర్. ఆవిణ్ణి ఆఫీసంతా గొణుగుడమ్మ అంటుంది.

"పెద్దవాళ్లు చూడకుండా పెడితే, రేపు ఏదైనా అయితే నా మెడకు చుట్టుకోదా అమ్మా?" అన్నాడు మేనేజరు పళ్లు బిగించి.

కన్నం తెరిచి ఉంటే కంపెనీకి ముప్పు, తానే మూయిస్తే తనకు ముప్పు. ఆ రెండిట్లో ఏది పెద్దదో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

నిపుణుడు ఆవిడ రాసిన నాలుగు లైన్లూ చదివి తలాడించాడు.

"బాగుంది. అసలు మీ జబ్బేమిటో తెలుసా మేనేజరుగారూ? ప్రతి ఫొటో ఫైలూ మొదట్లోనే 'నేనింత పొడుగు, ఇంత వెడల్పు' అని చెప్పుకుంటుంది. మీ లైబ్రరీ ఆ మాట నమ్మేసి, అంతే చోటు ఇస్తుంది. తీరా లోపల సరుకు అంతకన్నా ఎక్కువుంటే పొంగిపోయి పక్కవాటి మీద పడుతుంది. ఆ పొంగులో దొంగ తన పని కానిచ్చుకుంటాడు. ఎవడో వచ్చి నేనింతవాణ్ణంటే, కొలిచి చూసుకోవద్దూ?"

"అదే సార్, నేనూ రోజూ నెత్తీ నోరూ కొట్టుకునేది!" అన్నాడు మేనేజరు, ఆ సంగతి అప్పుడే మొదటిసారి విన్నవాడు.

"సరే, దీన్ని అన్ని మెషిన్లలోకీ ఎక్కించాలి. వాటన్నిటినీ తెరిచే పెద్ద పాస్‌వర్డ్ ఇవ్వండి."

"నేనెక్కిస్తాగా, పాస్‌వర్డ్ ఆయనకెందుకు?" అని గొణిగింది గొణుగుడమ్మ.

"నువ్వూరుకోమ్మా! జబ్బు తెచ్చిందీ మీరే, మందేసేదీ మీరేనా?" అని కసిరి, మేనేజరు నిపుణుడి చెవిలో పాస్‌వర్డ్ ఊదాడు. అది ఆయనకింకా రాని ఉద్యోగం పేరే.

నిపుణుడు కాఫీ తాగుతూ కులాసాగా పని చేసుకున్నాడు. మధ్యలో జేబులోంచి చిన్న డిస్కు తీసి తగిలించాడు.

"స్కాన్లన్నీ ఒక కాపీ తీస్తున్నా. ఈపాటికే ఎవడైనా చొరబడ్డాడేమో పరీక్ష చేయించాలి."

"ఒకటేం ఖర్మ సార్, రెండు తీసుకోండి!"

చివరికి తన కొలత అబద్ధం చెప్పే కంత్రీ ఫొటో ఒకటి తెరిచి చూపించాడు. లైబ్రరీ దాని కొలతలు సరిచూసి, పొమ్మని వెళ్లగొట్టింది. గదంతా చప్పట్లు కొట్టింది. గొణుగుడమ్మ కూడా కొట్టింది, ఎంతైనా ఆ నాలుగు లైన్లూ తనవే కదా.

మేనేజరు నిపుణుడి బ్యాగు తానే మోసుకుంటూ లిఫ్టు దాకా వెళ్లాడు.

"పైన నా గురించి ఒక్క మంచి ముక్క చెప్తే మీ మేలు మరిచిపోను సార్."

"భలేవారే! మీలాంటి మేనేజరు ప్రతి కంపెనీకీ ఒకడుండాలి," అన్నాడు నిపుణుడు మనస్ఫూర్తిగా.

ఆ మాటకి మేనేజరుకి కళ్లు చెమర్చాయి. అత్తగారి ముందు తలెత్తుకు తిరగొచ్చు, అంతకన్నా మనిషికి కావలసిందేముంది! గదిలోకి వచ్చి కుర్చీలో వెనక్కి వాలి, హమ్మయ్య అనుకునేలోపు ఫోను మోగింది. ఎత్తితే ఎవరో ఆడమనిషి, ఆయాసపడుతోంది.

"సారీ సార్, హెడ్డాఫీసు పంపిన నిపుణురాల్ని, ఇప్పుడే రైలు దిగాను."