తామరాకులు ఎండేదాకా

ఆ చెరువుకి దూరదేశపు పక్షులు ఎన్నైనా రావచ్చు. ముందుగా ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. తామరాకులు ఎండేదాకా ఉండి, ఎక్కడి నుంచి వచ్చినవాళ్ళు అక్కడికి వెళ్ళిపోవాలి, అంతే.

గట్టు మీద ఎండ్రకాయ కాపలా. తను రోజూ బొరియలోంచి వచ్చి మళ్ళీ బొరియలోకే పోతుంది కాబట్టి, దానికి ఈ నియమంలో కష్టమేమీ కనిపించలేదు.

ఆ ఏడు ఒక పరదేశపు బాతు రెల్లుపొదలో గుడ్డు పెట్టింది. ఆకులు ఎండేసరికి పిల్ల బయటికొచ్చింది గానీ, దానికింకా రెక్కలు రాలేదు.

"గడువైపోయిందమ్మా, బయల్దేరండి," అంది ఎండ్రకాయ ముందుకాళ్ళు ఎత్తి.

"నేనైతే ఎగిరిపోగలను బాబాయ్. దీనికి రెక్కలొచ్చేదాకా ఉండనివ్వు," అంది తల్లి.

"నీకో నియమం, దానికో నియమమా? ఏమే పిల్లా, నువ్వెక్కడి నుంచి వచ్చావు?"

"రా తాతా, చూపిస్తా!"

రెల్లుపొదలో పగిలిన గుడ్డు పెంకు ఉంది. పిల్ల అందులో ఒక కాలు పెట్టింది. రెండోది పట్టలేదు. వెనక్కి తిరిగి, తోక దూర్చి చూసింది. పెంకు కాస్తా చిట్లింది.

"ఇందులోంచే వచ్చాను తాతా. ఇప్పుడు పట్టడం లేదేంటి?"

ఎండ్రకాయ తన బొరియ వైపు చూసింది. ఒళ్ళు పెరిగి మొన్ననే తను విడిచేసిన పాత పెంకు, ఆ పక్కనే ఎండలో పడి ఉంది.

మెల్లగా ముందుకాళ్ళు దించింది.

"రెక్కలు రానీలే," అంది. "నాకూ పట్టలేదు."