కిటికీ కింద నవ్వులు

పొద్దున్నే ఆరు కొట్టగానే మళ్లీ మొదలుపెట్టారు. హహ్హహ్హా! హొహ్హొహ్హో! పదిహేను మంది పెద్దవాళ్లు పక్క ఖాళీ ప్లాటులో చేతులు పైకెత్తి, ఏ జోకూ లేకుండానే పగలబడి నవ్వడం. అదీ సరిగ్గా సాల్మన్ రాజు కిటికీ కింద.

మోకాలి చిప్ప పగిలి ఆపరేషనైన మనిషి పైన పడుకుని ఉన్నాడన్న ఇంగితం ఉండక్కర్లేదా? ఇన్నాళ్లూ చెరువు కట్ట మీద నవ్వుకునేవాళ్లు. ఇబ్రహీంపట్నంలో ఇంకెక్కడా జాగా లేనట్టు ఈ నెలే ఇక్కడికి దాపురించారు.

సాల్మన్ రాజు ఇంజినీరింగ్ కాలేజీ బస్సు డ్రైవరు. పగిలింది ఎడమ మోకాలు, క్లచ్ తొక్కే కాలు. ఇప్పుడు వంచి నడవకపోతే అట్లాగే బిగుసుకుపోతుందని, ఇక స్టీరింగ్ సంగతి మర్చిపోవాలని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. కానీ కాలు కదిపితే చాలు, ప్రాణం పోయినట్టుంటుంది. రెండు నెలలుగా మంచం దిగింది బాత్రూముకే, అదీ భార్య ప్రేమమ్మ భుజం పట్టుకుని. మాటా పలుకూ లేదు. గోడవైపు తిరిగి పడుకోవడమే.

అలాంటి మనిషి చెవిలో పడేలా, మైకు పెట్టి మరీ చెప్తాడు ఆ నవ్వుల క్లబ్బు పెద్ద రామారావు.

"నవ్వండి! కదలండి! ఒంట్లో ఎండార్ఫిన్లు పుడతాయండీ. నొప్పికి మన ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే మందు అది. మనసు కూడా తేలికపడుతుంది!"

"వీని నోట్ల మన్నువడ! నొప్పంటే ఏందో ఎరుకనా వీనికి?" మొదటిరోజు మంచం మీద నుంచే అరిచాడు సాల్మన్ రాజు.

"నాకైతే నిన్ను జూసే నవ్వుతున్నరనిపిస్తుంది" అంది ప్రేమమ్మ, టీ గ్లాసు అందిస్తూ.

ఆ మాటతో అతనికి ఒళ్లు మండిపోయింది. మర్నాడు గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చాడు.

"ఓ పెద్దమనిషీ! నీ ఇంట్ల నవ్వుకోరాదు?"

రామారావు చెయ్యి ఊపి ఇంకా గట్టిగా నవ్వాడు. ఎంత పొగరు!

వారం తిరిగేసరికి బాల్కనీలోకి వచ్చి తిట్లు. ఆ తర్వాత బకెట్ నీళ్లు కుమ్మరించడం. తడిసి ముద్దయి కూడా నవ్వారు, సిగ్గులేని మనుషులు!

"పోనియ్యి. కిందికి పోయి అడిగెటోనివా నువ్వు?" అంది ప్రేమమ్మ. ఆవిడకూ లోకువైపోయాడు పాపం.

ఇరవయ్యో రోజు అడిగేశాడు. మెట్లు దిగాడు. గేటు తోసుకుని వెళ్లి రామారావు కాలర్ పట్టుకున్నాడు. రెండు గుండీలు తెగిపోయాయి. మైకు కిందపడి పగిలింది.

"నా బతుకు నీకు నవ్వులాటైందార? ఇంకోపారి నీ నవ్వు ఇనవడితే పండ్లు రాలగొడ్త!"

మిగతావాళ్లంతా తలో దిక్కుకీ జారుకున్నారు. బాగా అయింది.

సాయంత్రం ప్రేమమ్మ రామారావు ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన ఆయన మెడ మీద గోరుగాట్లు ఎర్రగా కనిపిస్తున్నాయి.

"ఇక నావల్ల కాదమ్మా!" ఆయనకూ కోపం కట్టలు తెంచుకుంది. "ఈ వయసులో వీధిలో కాలర్ పట్టించుకున్నాను. క్లబ్బూ వద్దు, నవ్వులూ వద్దు. మీ ఆయనకో దణ్ణం!"

ప్రేమమ్మ రెండు చేతులూ జోడించింది.

"మా కిటికీ కింద నెల రోజులు నవ్వుతమని నాకు మాటిచ్చిన్రు గదా అన్నా, ఇయ్యాల పదహారు మెట్లు దిగిండు, రేపు జర ఇంకా గట్టిగ నవ్వుర్రి!"