మోకాటి ఎత్తు

"మోకాలు దాటుతోంది. దించండి!"

కల్వర్టు మీద నిలబడ్డ ముసుగు కుర్రాడు తుపాకీ ఊపాడు. నలుగురు మోతగాళ్లూ నడుములు విరిగేలా వంగి శవపెట్టెను ఇంకో జానెడు కిందికి దించారు. తలవైపు పట్టుకున్న విమలదాసకు చేతులు ఊడిపోతున్నాయి. పెట్టెలో ఉన్నది సొంత అన్న పొడినేరిస్. లంకలో ఇండియా సరుకు అమ్మొద్దని తిరుగుబాటు పార్టీ కుర్రాళ్లు హుకుం వేస్తే, బొంబాయి ఉల్లిపాయలు అమ్మినందుకు నిన్న కొట్లోనే కాల్చేశారు. వాళ్ల చేతిలో చచ్చినవాడికి తెల్లజెండా కట్టకూడదు, భిక్షువు రాకూడదు, పెట్టె మోకాటి ఎత్తు దాటకూడదు. ద్రోహికి అంతకన్నా మర్యాద దేనికట!

"కొడుకేడే?" అని ముసుగు కుర్రాడు విమలదాస వదిన ఎమలిన్‌ను గద్దించాడు. "తండ్రీకొడుకులిద్దరి పేర్లూ చావు జాబితాలో వేశాంగా. వాడేడి?"

"నన్నడుగుతావేంరా? దొరికితే నువ్వే కబురు పెట్టు."

"సాయంత్రంలోగా వాణ్ణి అప్పగించాలి. లేదంటే నీ ఇల్లు తగలబెడతాం."

"తగలబెట్టు. ఉల్లిపాయల కంపు ఊరంతా కొడుతుంది."

నోరు మూసుకోమని విమలదాస వదినకు కళ్లతో సైగ చేశాడు. ఈవిడ నోరు పడిపోను! అందరినీ చంపించేలా ఉంది.

"ఇంత బరువేంటి? ఆ ఉల్లిపాయలు కూడా వాడితోనే పూడుస్తున్నారా?" అంటూ కుర్రాడు మూత మీద చెయ్యి వేశాడు.

అంతే, వదిన ఒక్క ఉరుకున వచ్చి పెట్టె అంచు పట్టి నడుం దాకా లేపేసింది. "నా మొగుడు కుక్క కాదురా, నేలబారున ఈడ్చుకుపోవడానికి! భుజానికెత్తండ్రా, మీరు మగాళ్లయితే!"

"వదినా, నీ కాళ్లు మొక్కుతా, దించు!"

కుర్రాడు తుపాకీ మడమతో ఆమె భుజం మీద ఒక్కటిచ్చాడు. "మోకాలన్నానా!" ఆమె కిందపడింది. పడ్డచోటి నుంచే వాడి ఏడు తరాలనూ తిట్టిపోసింది.

"దీన్నీ, ఈ పీనుగనీ నా కళ్ల ముందునుంచి తీసుకుపోండి!" అని విసుక్కున్నాడు వాడు.

శ్మశానం సముద్రపు ఒడ్డునే. పెట్టె దించగానే విమలదాస వదిన మీద విరుచుకుపడ్డాడు. "చచ్చిన మొగుడి పరువు కోసం బతికున్న నలుగురినీ చంపించబోయావు కదా! బుద్ధుందా నీకు?"

ఆమె వచ్చిన దారంతా ఒకసారి చూసి, మూత పక్కకు జరిపి వంగింది.

"లే నాయనా. ఇక నాన్నను వదిలెయ్. పడవ వచ్చింది."